ఆరంగుళాల గోడ

(ఇనుప దారుల కథలు – 7వ భాగం)

అమెరికాలో పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లో 1970లలో వెలసిన వెంకటేశ్వరస్వామి గుడి. చరిత్ర చదివేవాళ్లకు మాత్రం ఆ పేరు వింటే ఉక్కు గుర్తొస్తుంది. అలెగేనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే ఆ ముక్కోణపు నేల చుట్టూ వందేళ్లకు పైగా కొలుములు ఆరలేదు. కొండల్లో బొగ్గు, లోయల్లో కోక్ బట్టీలు, ఏటి ఒడ్డున ఉక్కు కర్మాగారాలు, వీటన్నిటినీ కలుపుతూ రైలు పట్టాలు. ఆ ఊరి వీధుల్లో ఇంకో రకం పట్టాలు కూడా ఉన్నాయి. అవి ట్రామ్ పట్టాలు. అక్కడివాళ్లు ఆ బండ్లను ట్రాలీలంటారు. రైలు పట్టాల మధ్య ఎడం 4 అడుగుల 8½ అంగుళాలు. ట్రాలీ పట్టాల మధ్య ఎడం 5 అడుగుల 2½ అంగుళాలు. తేడా సరిగ్గా ఆరంగుళాలు, అంటే జానెడు కూడా కాదు. ఆ తేడా నేటికీ అలాగే ఉంది. ఇది ఎందుకొచ్చింది, ఎందుకు పోలేదు, దానివల్ల ఎవరు బాగుపడ్డారు, ఎవరు నష్టపోయారు అన్నదే ఈ భాగంలో చూడబోయే విషయం.

గేజి తేడా అంటే ఏమిటో మన పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. కాచిగూడ మీటర్‌గేజి స్టేషనుగా ఉన్న రోజులు, గుంటకల్లు చుట్టుపక్కల చాలా లైన్లు మీటర్‌గేజిలో నడిచిన రోజులు చాలామందికి తెలుసు. ఒక గేజి బండి ఇంకో గేజి పట్టాల మీదికి ఎక్కదు. మనుషులైతే దిగి ఇంకో బండి ఎక్కుతారు. సరుకును మాత్రం కూలీలు ఒక వ్యాగన్‌లోంచి దించి మరో వ్యాగన్‌లోకి ఎక్కించాలి. మన దగ్గర ఆ తేడా ఖర్చు తగ్గించుకోవాలన్న లెక్కల నుంచి పుట్టింది, తర్వాత పెద్ద తలనొప్పిగా మారింది, చివరికి గేజి మార్పిడి పేరుతో చాలామటుకు తొలగిపోయింది. పిట్స్‌బర్గ్‌లో ఆ తేడాను ఎవరూ తలనొప్పి అనుకోలేదు. చాలామంది దాన్ని రక్షణ అనుకున్నారు. నా వాదన ఒక్క మాటలో ఇది: రైలు కంపెనీ తమ వీధుల్లోకి రాకుండా జనం కోరుకున్న ఆ ఆరంగుళాల గోడ నిజంగానే వీధుల్ని కాపాడింది, కానీ కాలం గడిచేకొద్దీ అదే గోడ రైలు కంపెనీ సరుకు వ్యాపారానికి కూడా కాపలా కాసింది. నష్టపోయింది మధ్యలో ఉన్న ట్రాలీ కంపెనీలు.

ముందు ఆ ఊళ్లో తరతరాలుగా చెప్పుకునే వివరణ చూద్దాం. ఆవిరి ఇంజన్లు, గూడ్సు బండ్లు ఇళ్ల మధ్య వీధుల్లోకి రాకూడదని, ఎవరైనా రైలు కంపెనీవాళ్లు ట్రామ్ కంపెనీని కొనేసినా తమ వ్యాగన్లు ఆ పట్టాలమీద నడపలేకుండా ఉండాలని కావాలనే వెడల్పు గేజి పెట్టారంటారు. ఈ భయానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి. పెన్సిల్వేనియా రాష్ట్రానికి తూర్పు కొసన ఉన్న ఫిలడెల్ఫియాలో, కెన్సింగ్టన్ పేటలోని ఫ్రంట్ స్ట్రీట్ మీదుగా రైలు మార్గం వెయ్యబోతే 1840 నుంచి 1842 దాకా జనం తిరగబడ్డారు. వేసిన పట్టాలు పీకేశారు, పనివాళ్లను తరిమారు. చివరికి శాసనసభ ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పిట్స్‌బర్గ్‌లోనైతే ఆ భయం కళ్లెదుటే తిరిగేది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ గూడ్సు బండ్లు ఊరి నడిబొడ్డున లిబర్టీ వీధి మధ్యలోంచే, దుకాణాల ముందునుంచే నదుల సంగమం దగ్గరున్న సరుకుల డిపోకి పోయేవి. వీధి మధ్యలోని ఆ పట్టాలను తీసేసరికి 20వ శతాబ్దం వచ్చేసింది. ఒక్క వీధి అలా ఉంటే చాలు, మిగతా వీధులవాళ్లకు తమ వీధి ఏమవుతుందోనన్న గుబులు పట్టుకోవడానికి.

ఆ కంపెనీ మీద ఊరికి ఎంత కోపం ఉండేదో 1877 జులైలో లోకమంతా చూసింది. జీతాల కోత, ఒక బండికి రెండు ఇంజన్లు తగిలించి సిబ్బందిని తగ్గించడం అనే రెండు కారణాలతో మొదలైన సమ్మెను అణచడానికి ఫిలడెల్ఫియా నుంచి సైన్యాన్ని దించారు. 28వ వీధి దగ్గర వాళ్లు కాల్పులు జరిపి ఇరవై మంది దాకా చంపారు. ఆ రాత్రి జనం ఇంజన్ షెడ్డుకు, యూనియన్ స్టేషనుకు నిప్పు పెట్టారు. వందకు పైగా ఇంజన్లు, వెయ్యికి మించి వ్యాగన్లు కాలిపోయాయి. ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఆ రోజు కంపెనీని తిట్టుకున్నవాళ్లు కూలీలే కాదు. దూరపు ఊళ్ల వ్యాపారులకు తక్కువ రవాణా రేట్లు, తమకు ఎక్కువ రేట్లు వేస్తున్నారని ఊరి వర్తకులు కూడా ఏళ్ల తరబడి రగులుతూనే ఉన్నారు. ధనికుడు, పేదవాడు ఒకే కంపెనీని ద్వేషించే ఊళ్లో, ఆ కంపెనీ వ్యాగన్లు తమ వీధిలోకి రాలేవన్న భరోసా ఇచ్చే పట్టాలకు మద్దతు దొరకడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయకూడదు. పిట్స్‌బర్గ్‌లో మొదటి గుర్రపు ట్రామ్ 1859లో నడిచింది, అంటే ఆ తగలబాటుకు 18 ఏళ్ల ముందు. పైగా సరిగ్గా ఇదే గేజి ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలోనూ, దక్షిణాన ఎక్కడో ఉన్న న్యూ ఆర్లియన్స్‌లోనూ ఉంది. కాబట్టి పుట్టుక వేరే చోట వెతకాలి. ఆ కాలపు ట్రామ్ పట్టా ఆకారం చూస్తే కొంత తెలుస్తుంది. అది నేడు మనం చూసే పట్టాలాంటిది కాదు. చెక్క దుంగ మీద పరిచిన వెడల్పాటి ఇనుప పలక, దానికి ఒక అంచున మెట్టులాంటి చిన్న ఎత్తు. ట్రామ్ చక్రం ఆ ఎత్తు మీద దొర్లుతుంది. మామూలు గుర్రపు బండి చక్రం పక్కనున్న చదును మీద సాఫీగా పోతుంది. గుంతలు, బురద, గులకరాళ్లతో నిండిన వీధిలో బండివాడికి అంతకన్నా కావలసిందేముంది? వీధిని వాడుకోనిచ్చినందుకు ట్రామ్ కంపెనీ ఊరికి ఇచ్చే ప్రతిఫలం అది. కెనడాలోని టొరంటో నగరం 1861లో చేసుకున్న ఒప్పందంలో, వాడుకలో ఉన్న మామూలు బండ్లు ఆ పట్టాలమీద నడవగలిగేలా గేజి ఉండాలని స్పష్టంగా రాశారు. అక్కడి గేజి 4 అడుగుల 10⅞ అంగుళాలు, అదీ రైలు గేజికి కలవదు. బండ్ల ఇరుసు పొడవు ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉండేది కాబట్టి ట్రామ్ గేజి కూడా ఊరూరికీ మారింది.

అంటే జనం చెప్పుకునే కథ అబద్ధమా? కాదు. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ గేజి ఎందుకు పుట్టింది అన్నది ఒకటి. పుట్టిన అవసరం తీరిపోయాక కూడా ఎందుకు బతికింది అన్నది ఇంకొకటి. గుర్రపు బండి ఇరుసు మొదటిదానికి జవాబు అయితే కావచ్చు, రెండోదానికి కాలేదు. 1890ల నాటికి గుర్రాలు పోయి కరెంటు వచ్చింది. బరువైన కొత్త బండ్లకు పాత పలకలు ఆగవు కనుక పట్టాలన్నీ పీకి గాడి ఉన్న కొత్తరకం పట్టాలు వేశారు. బండివాడికి ఇచ్చిన మాట అక్కడితో తీరిపోయింది. ఎలాగూ వీధంతా తవ్వుతున్నారు కదా, ఆరంగుళాలు దగ్గరికి జరిపి రైలు గేజి చెయ్యొచ్చు. చెయ్యలేదు. కొంత కారణం అలవాటే. ఒక కంపెనీ లైను ఇంకో కంపెనీ లైనుతో కలవాలంటే అందరిదీ ఒకే గేజి ఉండాలి. ఒకరు మారిస్తే అందరూ మార్చాలి. 1902లో పిట్స్‌బర్గ్ రైల్వేస్ కంపెనీ ఆ చిన్న కంపెనీలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చేనాటికి వందల మైళ్ల వెడల్పు గేజి పట్టాలు సిద్ధంగా ఉన్నాయి. కానీ అలవాటు ఒక్కటే అయితే ఎక్కడో ఒకచోట మార్పు కోరే గొంతు బలంగా లేవాలి. వీధివాసులకు మార్పు అక్కర్లేదు, మున్సిపాలిటీకి అక్కర్లేదు, రైలు కంపెనీకి అసలే అక్కర్లేదు. అలవాటు గట్టిపడేది దాన్ని వదిలించుకోవాలన్న అవసరం ఎవరికీ లేనప్పుడే.

ఆ గేజి నగరం పొలిమేర దగ్గర ఆగిపోలేదు. ఉత్తరాన బట్లర్, న్యూ కాసిల్ వైపు 1908లో మొదలైన హార్మొనీ మార్గం, దక్షిణాన వాషింగ్టన్, చార్లరాయ్ పట్టణాలకు పోయిన లైన్లు అన్నీ 5 అడుగుల 2½ అంగుళాలే. నగరంలోకి ప్రయాణికుణ్ణి దింపకుండా తీసుకురావాలంటే నగరం పట్టాలకు తగ్గట్టే ఉండాలి మరి. తూర్పున గ్రీన్స్‌బర్గ్, కానల్స్‌విల్, యూనియన్‌టౌన్ మధ్య నడిచిన వెస్ట్ పెన్ రైల్వేస్‌దీ అదే గేజి. ఈ వెస్ట్ పెన్ గురించి కాస్త నిలబడి చెప్పుకోవాలి, ఎందుకంటే ట్రాలీ అంటే నగర వీధుల్లో షికారు బండి అన్న అభిప్రాయం ఇక్కడ చెదిరిపోతుంది. కానల్స్‌విల్ చుట్టుపక్కల దొరికే బొగ్గు కోక్ చెయ్యడానికి అంత అనువైనది ఇంకెక్కడా లేదని పేరు. తేనెపట్టు గూళ్లలా వరసగా కట్టిన వేలకొద్దీ బట్టీలు రాత్రింబగళ్లు మండేవి. గని చుట్టూ కంపెనీ కట్టించిన వాడలు, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్లు, మధ్యలో కంపెనీ దుకాణం. అలాంటి వాడల్ని ఒకదానితో ఒకటి కలుపుతూ, కొండలెక్కి దిగుతూ ట్రాలీలు నడిచాయి. విచిత్రమేమిటంటే ఆ బండ్లకు గాలి బ్రేకులు లేవు. పట్టాను పట్టుకునే అయస్కాంతపు బ్రేకులతోనే ఆ వాలులన్నీ దిగేవి. కంపెనీ దుకాణం తప్ప వేరే దిక్కులేని కుటుంబానికి, ట్రాలీ ఎక్కితే పట్టణంలోని అంగళ్లు అందుబాటులోకి వచ్చాయి. షిఫ్టు దిగిన గనికార్మికుడు, సంతకు పోయే గృహిణి, బడికి పోయే పిల్లవాడు ఆ బండ్లు నింపారు. వాళ్లు ఎక్కిన బండి పక్కనుంచే టన్నులకొద్దీ కోక్ వేరే పట్టాలమీద పోయేది. అందులో ఒక్క వ్యాగన్ కూడా ట్రాలీ కంపెనీది కాదు.

ఇక్కడే ఆరంగుళాల అసలు ఖరీదు తెలుస్తుంది. అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఊళ్లను కలుపుతూ వేసిన ఎన్నో ట్రామ్ లైన్లు రైలు గేజిలోనే ఉండేవి. 1920ల తర్వాత జనం మోటారు కార్లకు మళ్లినప్పుడు, వాటిలో కొన్ని రైలు కంపెనీల వ్యాగన్లను అలాగే తెచ్చుకుని గింజలు, బొగ్గు, సిమెంటు మోస్తూ బతికాయి. ఇల్లినాయ్ టెర్మినల్ అనే కంపెనీ 1950లలో ప్రయాణికుల బండ్లు ఆపేశాక కూడా గూడ్సు రైల్వేగా కొనసాగింది. అయోవా రాష్ట్రంలో మేసన్ సిటీ దగ్గర పాత ట్రామ్ లైనొకటి కరెంటు ఇంజన్లతో సరుకు మోస్తూ 21వ శతాబ్దంలోకి కూడా వచ్చింది. పిట్స్‌బర్గ్ చుట్టూ ఉన్న లైన్లకు ఆ అవకాశమే లేదు. పాలక్యాన్లు, పార్సిళ్లు, కూరగాయల బుట్టలు మోసుకోవచ్చు. వ్యాగన్ నిండా సరుకు మొయ్యాలంటే పట్టా కలవదు. సిన్సినాటిలో ఇదే చిక్కు ఇంకో రూపంలో కనిపించింది: రైలు గేజిలో వేసిన పొరుగూళ్ల లైన్లు నగరం అంచుదాకా వచ్చి ఆగిపోయేవి, ప్రయాణికులు అక్కడ దిగి వెడల్పు గేజి సిటీ ట్రామ్ ఎక్కేవాళ్లు.

సరుకు మీద ఆశ ట్రాలీ కంపెనీకి లేకపోలేదనడానికి ఒక చిన్న లైను సాక్ష్యం చెబుతుంది. నగరానికి దక్షిణాన మౌంట్ వాషింగ్టన్ కొండ వెనక బొగ్గు తవ్వి తేవడానికి 1870లలో పిట్స్‌బర్గ్ అండ్ కాసిల్ షానన్ అనే బుల్లి రైల్వే పుట్టింది. దాని గేజి కేవలం 40 అంగుళాలు. 1905లో పిట్స్‌బర్గ్ రైల్వేస్ ఆ లైనును లీజుకు తీసుకుంది. బొగ్గు బండ్లు ఆపకుండానే ట్రాలీలు కూడా నడపాలని అదే బాటలో మరో పట్టా వేసింది. ఒక పట్టా రెండింటికీ ఉమ్మడి. దానికి 40 అంగుళాల దూరంలో బొగ్గు బండి పట్టా. దాన్ని దాటి ఇంకో 22½ అంగుళాల అవతల ట్రాలీ పట్టా. 1909 నుంచి ప్రయాణికుల ట్రాలీ, బొగ్గు లాగే పొట్టి ఆవిరి ఇంజను ఒకే బాట మీద నడిచాయి. కావాలనుకుంటే మూడో పట్టా వేసుకోవడం కష్టం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. తన చేతిలో ఉన్న బొగ్గు లైనుకు ఆ కంపెనీ మూడో పట్టా వేసింది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వ్యాగన్లను తెచ్చుకునే మూడో పట్టా మాత్రం తన లైన్ల నిడివినా ఎప్పుడూ వెయ్యలేదు. వెయ్యాలంటే ఇనుము ఒక్కటే సరిపోదు. ఊరి ఒప్పుకోలు కావాలి, వ్యాగన్లిచ్చే రైలు కంపెనీ సహకారం కావాలి.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: నగర వీధుల మలుపులు అంత ఇరుకుగా, కొండ వాలులు అంత నిటారుగా ఉంటే, గేజి కలిసినా పెద్ద వ్యాగన్లు ఎలా తిరుగుతాయి? నగరంలోపలి మాటైతే ఇది నిజమే. కానీ వాషింగ్టన్, చార్లరాయ్ లైన్లు నగరం దాటాక చాలా దూరం సొంత బాటమీద పోయేవి. మొనాంగహేలా లోయలో దారి పొడుగునా గనులు, గాజు ఫ్యాక్టరీలు, ఉక్కు మిల్లులు ఉండేవి. మలుపుల వాదన అక్కడ అంతగా నిలబడదు. రెండోది ఇంకా గట్టిది: పెద్ద ఉక్కు మిల్లులకు సొంత రైల్వేలే ఉండగా ట్రాలీ కంపెనీని పిలిచేదెవరు? కార్నెగీ మిల్లులకు యూనియన్ రైల్‌రోడ్, జోన్స్ అండ్ లాఫ్లిన్ మిల్లుకు మొనాంగహేలా కనెక్టింగ్ రైల్‌రోడ్ ఉండేవి. ఉక్కు మిల్లు వ్యాపారం ట్రాలీకి ఏనాడూ దక్కేది కాదని ఒప్పుకోవలసిందే. అయితే మధ్య రాష్ట్రాల ట్రామ్ లైన్లను బతికించింది కూడా పెద్ద మిల్లు కాదు. రైలు కంపెనీ పట్టించుకోని చిన్న గని, ఇటుకల బట్టీ, ధాన్యపు గోదాము. అలాంటి చిన్న ఖాతాదారులు పశ్చిమ పెన్సిల్వేనియాలోనూ ఉన్నారు. గేజి ఒక్కటే ట్రాలీలను చంపిందని నేననడం లేదు. కారు, బస్సు, లారీ వచ్చాక రైలు గేజి లైన్లు కూడా ఎక్కువభాగం మూతపడ్డాయి. కష్టకాలంలో కొందరికి దొరికిన రెండో జీవనాధారం వీళ్లకు దొరక్కుండా చేసింది గేజి అంటున్నాను.

కష్టకాలం రానే వచ్చింది. 1917లో క్రిస్మస్‌కు ముందురోజు మౌంట్ వాషింగ్టన్ సొరంగంలో ఒక ట్రాలీ పట్టుతప్పి దిగువకు దూసుకొచ్చి బోల్తాపడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. నష్టపరిహారాల భారం, యుద్ధకాలపు ధరలు, పెరగని చార్జీలు కలిసి 1918లో పిట్స్‌బర్గ్ రైల్వేస్‌ను దివాలా తీయించాయి. 1938లో మళ్లీ దివాలా. హార్మొనీ మార్గం 1931లో మూతపడింది. మిల్లుల పక్కనే పెద్ద కోక్ ప్లాంట్లు లేచాక పాత బట్టీలు చల్లారిపోయాయి, ఆ వాడలతోపాటు వెస్ట్ పెన్ కూడా 1952లో ఆగిపోయింది. మరుసటి ఏడే వాషింగ్టన్, చార్లరాయ్ దూరపు లైన్లు పోయాయి. ఇదే కాలంలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సరుకులో ఒక్క వ్యాగన్‌నైనా ఈ కంపెనీలు తగ్గించగలిగాయా? లేదు. 1840లలో జనం తిరగబడింది రైలు కంపెనీ మీద. వందేళ్ల తర్వాత లెక్క చూసుకుంటే, వీధుల విషయంలో జనం గెలిచారు, సరుకు విషయంలో రైలు కంపెనీ గెలిచింది, ఇద్దరి గెలుపుకూ సొమ్ము కట్టింది ట్రాలీ కంపెనీ. ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. ఇద్దరికీ ఏదో ఒక మేలు చేసే ఏర్పాటుకు కాపలాదారు అక్కర్లేదు, అదే నిలబడుతుంది.

మరి పిట్స్‌బర్గ్‌లో ట్రాలీలు నేటికీ ఎలా మిగిలాయి? గేజి వల్ల కాదు. 1936 నుంచి 1949 దాకా ఆ కంపెనీ ‘పీసీసీ’ అనే కొత్తరకం బండ్లు 666 కొన్నది. అన్ని కొన్నా వీధుల్లో నడిచిన లైన్లు ఒక్కొక్కటే బస్సులకు దారిచ్చాయి. మిగిలినవి దక్షిణపు కొండల లైన్లు, అంటే 1904లో తెరిచిన మౌంట్ వాషింగ్టన్ సొరంగం గుండా పోయేవి, వీధిని వదిలి సొంత బాట ఉన్నవి. ఆ బాటలో ఒక ముక్క ఆనాటి కాసిల్ షానన్ బొగ్గు లైనుదే. కొండను చుట్టి వచ్చే బస్సు కంటే కొండలోంచి వచ్చే ట్రాలీ ముందు చేరుతుంది కాబట్టి దాన్ని తీసెయ్యడం ఎవరికీ లాభం కాలేదు. 1985లో నడిబొడ్డున భూగర్భ మార్గం తెరిచినప్పుడు అందులో కొంతభాగం కోసం 1860లలో తవ్విన పాత రైలు సొరంగాన్ని, మొనాంగహేలా దాటడానికి 1903లో కట్టిన రైలు వంతెనను వాడుకున్నారు. రెండూ పెన్సిల్వేనియా రైల్‌రోడ్ చేతుల్లో ఉండినవే. రైలు గేజి పట్టాలు తీసి, అక్కడా 5 అడుగుల 2½ అంగుళాల పట్టాలు పరిచారు. వీధుల్లోకి రైలు రాకుండా చూసిన గేజి చివరికి రైలు బాటలోకే వెళ్లి కూర్చుంది.

ఈ చరిత్ర నుంచి తీసుకోదగ్గ మాట ఒకటుంది. పట్టాల మధ్య ఎడం ఎంతన్నది ఇంజనీరు కాగితం మీద వేసే లెక్కలా కనిపిస్తుంది గానీ, ఏ వీధిలోకి ఎవరి సరుకు రావచ్చు, ఎవరి వ్యాపారం ఎక్కడ ఆగాలి అన్నది అందులోనే తేలిపోతుంది. తర్వాతి తరాలు బండ్లు మార్చగలిగాయి, గుర్రం బదులు కరెంటు తెచ్చుకోగలిగాయి. తొలి ఒప్పందంలో ఎవరి మేలు రాసుకున్నారో దాన్ని మార్చడం మాత్రం వాళ్ల తరం కాలేదు. కొలత మారలేదంటే దాన్ని మార్చే బలం, మార్చాల్సిన అవసరం రెండూ ఒకే చేతిలో లేవని అర్థం.

(వచ్చే భాగంలో: తాడు లాగితే పట్టా మీద కొండెక్కిన బండ్లు – పిట్స్‌బర్గ్ వాలుదారులు)